ఇద్దరి సామాను

లక్ష్మీనర్సయ్య కట్టిన సామాను చేరాల్సిన చోటికి చేరాక విప్పడమే తప్ప దారిలో దానంతటది ఊడిన పాపాన పోలేదని యూనివర్సిటీ జియాలజీ డిపార్టుమెంటులో పేరు. ఆ పేరు రావడానికి ముప్పై నాలుగేళ్లు పట్టింది. ఈలోగా హెడ్లు పదకొండు మంది మారారు. స్టోర్ రూము తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుకే వేలాడుతూ వచ్చింది. కాగితం మీద ఉద్యోగం ల్యాబ్ అటెండరు. అసలు పని ఏమిటంటే, రాళ్లు చూడటానికి ఊళ్లు పట్టుకు తిరిగే పెద్దమనుషులను తిండికీ నిద్రకూ లోటు లేకుండా తిప్పి తీసుకురావడం. ఇంకో మూడు నెలల్లో ఆయన రిటైరవుతాడు.

సోమవారం పొద్దున ఆయన రాళ్ల ట్రేలు తుడుస్తుంటే ఫోను మోగింది. శశిభూషణ్ సార్. ప్రొఫెసరుగా రిటైరై రెండేళ్లయినా ఆయన పేరు ఫోనులో కనబడితే నర్సయ్య ఇప్పటికీ స్టూలు మీద నుంచి లేచి నిలబడతాడు. ఎవరూ చూడకపోయినా సరే.

"నర్సయ్యా, ఒక మంచి కబురు. మన గోదావరి రూటు ఉంది చూడు, చెన్నూరు నుంచి కిందికి... అది మళ్లీ వేస్తున్నాను. బండి మీద. ఎక్కడికక్కడ టెంటు వేసుకుంటూ. ఇరవై రెండు రోజులు. శనివారం పొద్దున్నే బయల్దేరడం. ఇద్దరికి సామాను కట్టాలి. రేపు సాయంత్రం ఇంటికొచ్చి ఏమేం కావాలో చూస్తావా?"

"గట్లనే సార్," అన్నాడు నర్సయ్య. ఫోను పెట్టేశాక ఒక్క నిమిషం ట్రేల వంక చూస్తూ ఉండిపోయాడు. గుడ్డ కింద పడింది కూడా తెలియలేదు.

రమ్మని సార్ అనలేదు. ఆ సంగతి నర్సయ్యకు తట్టలేదు, తట్టే వీలూ లేదు. ముప్పై నాలుగేళ్లలో ఏ టూరుకూ ఎవరూ ఆయన్ని రమ్మనలేదు. ఆర్డరులో ప్రొఫెసరు పేరు ఉండేది, విద్యార్థుల పేర్లు వరసగా ఉండేవి, అన్నిటికంటే కింద 'అటెండరు ఒకరు' అని ఉండేది. ఆ ఒకరు నర్సయ్య. లారీ వచ్చేది, సామాను ఎక్కించేవాడు, సామాను మీద తానెక్కి కూర్చునేవాడు. శశిభూషణ్ సార్ పీహెచ్‌డీ రోజుల్లో లారీ కూడా లేదు, సార్ రాజ్‌దూత్ బండి ఉండేది. "ఇద్దరికి సామాను కట్టు నర్సయ్యా" అన్నాడు అప్పుడు కూడా. నర్సయ్య కట్టాడు. కట్టి వెనక కూర్చున్నాడు. ఇద్దరంటే ఒకరు సార్, రెండోవాడు తాను. ఇందులో అడిగేదేముంది?

మధ్యాహ్నం భోజనాల వేళకే ఆఫీసులో లీవు కాగితం ఇచ్చేశాడు. సెక్షను క్లర్కు అరుంధతి కళ్లద్దాలు పైకి నెట్టి చదివింది.

"ఇరవై రెండు దినాలా? ఏంది నర్సన్నా, రిటైర్మెంట్ ముంగట కాశీకి పోతున్నవా?"

"గోదారికి. శశిభూషణ్ సార్ తోటి. బండి మీద."

"గీ వయసుల బండి మీదనా! వదిన ఒప్పుకున్నదా?"

"ఇంకా చెప్పలే," అన్నాడు. చెప్పలేనంత నవ్వు వస్తోంది ఆయనకు.

*

భార్య లింగమ్మకు చెప్పడం ఒక పెద్ద పనేం కాదు గానీ ఆమె అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం పని. మాణికేశ్వర్ నగర్‌లో వాళ్ల ఇంటి ముందు గదిలో, గుమ్మం వెలుతురు పడేచోట మిషను వేసుకుని కూర్చుంటుంది. వీధిలో సగం మంది జాకెట్లు ఆమె కుట్టినవే. డిపార్టుమెంటు వాళ్లు రాళ్ల ముక్కలు వేసి నంబరు రాసే గుడ్డసంచులు కూడా ఏటా ఆమే కుట్టేది. ఆ సంచుల కాలం పోయి ప్లాస్టిక్ జిప్పులు వచ్చాయి.

నర్సయ్య మంచం కింది నుంచి ట్రంకుపెట్టె లాగాడు. బట్టలు పక్క మీద పరిచాడు. ఒక ప్యాంటు ఎత్తి వెలుతురులో చూశాడు, పనికిరాదని పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు.

"ఏందది? పెండ్లికి పోతున్నమా?" అంది లింగమ్మ తల తిప్పకుండానే.

చెప్పాడు. ఆమె కాలు తొక్కుతూనే ఉంది.

"సారు నిన్ను రమ్మన్నడా?"

"ఇద్దరికి కట్టమన్నడు."

"గది గాదు నేను అడిగేది. నువ్వు రా అన్నడా?"

"గదంత చెప్తరా లింగమ్మా! నువ్వొకదానివి. ఎన్నేండ్ల సంది పోతున్న నేను?"

లింగమ్మ గుడ్డ తిప్పి రెండో వైపు కుట్టుకుంది. నర్సయ్య మూడు జతలు ఏరాడు. ఒకటి తొడిగేది, ఒకటి ఉతికి ఆరేసేది, ఒకటి పడుకునేది. పడుకునే జతను పగటిపూట పొరపాటున కూడా తొడగకూడదు, అది ఆయన నియమం. ఎంత వానలో తడిసినా, ఎంత బురదలో పడినా, రాత్రికి ఒంటి మీదికి పొడిగుడ్డ వచ్చిందంటే మర్నాటికి మనిషి మనిషవుతాడు. ఒక్కో చొక్కానూ మంచం మీద పరిచి, చేతులు లోపలికి మడిచి, కింది నుంచి గట్టిగా చుట్టుకుంటూ వచ్చాడు. మడత పెడితే గాలి దూరుతుంది, చుడితే దూరదు. పడుకునే జతను యూరియా బస్తాలో లోపల వచ్చే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి మెలిపెట్టాడు. ఆ ప్లాస్టిక్‌ను మించింది ఇంతవరకు బజారులో రాలేదని ఆయన నమ్మకం.

"బీపీ గోలీలు పెట్టుకో," అంది లింగమ్మ. "అద్దం, రేజరు గూడ. సారు పక్కన గడ్డం పెంచుకోని తిరగకు."

*

తార్నాకలో సార్ ఇల్లు వీధి చివర రెండో అంతస్తు. మంగళవారం సాయంత్రం నర్సయ్య వెళ్లేసరికి హాలంతా అట్టపెట్టెలే. సోఫాలు గోడకు నెట్టేసి ఉన్నాయి. మధ్యలో సార్, చిన్నపిల్లాడి మొహంతో, కత్తెర పట్టుకుని కూర్చున్నాడు.

"రా రా నర్సయ్యా! చూడు ఇవన్నీ. మన కాన్వాసు డేరా గుర్తుందా? ఎంత బరువుండేది?"

"పదారు కిలోలు సార్. తడిస్తే ఇరవై రెండు."

"ఇది చూడు." సార్ చేతిలో పెట్టిన సంచి పుచ్చకాయంత ఉంది. టెంటట. ఇద్దరు పడుకోవచ్చట. రెండు కిలోల చిల్లర. నర్సయ్య చేత్తో తూచి నమ్మలేనట్టు మళ్లీ తూచాడు. విప్పి హాల్లోనే నిలబెట్టారు. కమ్మీలు వాటంతటవే ఒకదాంట్లో ఒకటి దూరి వంగి నిలబడుతుంటే నర్సయ్యకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. మేకు కొట్టక్కర్లేదు, తాడు బిగించక్కర్లేదు. ఇంక తన విద్య ఏం కావాలి?

సార్ భార్య విజయశ్రీ మేడమ్ కాఫీ తెచ్చి టెంటు చుట్టూ తిరిగి వచ్చింది. "మా ఇంట్లో ఇల్లు కట్టేశారా?" అంది.

"మేడమ్, అప్పటి డేరా అయితే గీ హాలు సరిపోయేటిది గాదు," అన్నాడు నర్సయ్య.

సార్ నవ్వి పాతవి తవ్వడం మొదలుపెట్టాడు. చెన్నూరు దగ్గర వాన. వాగు పొంగి డేరా కిందికి నీళ్లు రావడం. కిరోసిన్ స్టవ్వు వెలగక అటుకులు నానేసుకు తినడం. రాజ్‌దూత్ చైను తెగితే పొలాల్లో మోటార్లు బాగుచేసేవాళ్లు అతికించి ఇవ్వడం. నర్సయ్య పెట్టెలు విప్పుతూ ఊ కొడుతూ, ఊరి పేరు తప్పితే సరిదిద్దుతూ ఉన్నాడు. ఆ రూటు మీద తిరిగిన మూడు నెలలు తమ ఇద్దరివి. ప్రపంచంలో మూడో మనిషికి తెలియవు. సార్‌కు ఆ రోజులు ఇంత బాగా గుర్తున్నాయని తెలిసి గుండె నిండిపోయింది.

ఒక్క సంగతి మాత్రం సార్ కథల్లో లేదు. ఆ డేరాలో పట్టేది ఒక్కరి పక్కే. నర్సయ్య బయట, బండికీ చెట్టుకూ మధ్య టార్పాలిన్ కట్టుకుని, రాళ్ల సంచుల పక్కన పడుకునేవాడు. తర్వాత విద్యార్థుల టూర్లలో డేరాలు ఇరవై అయ్యాయి గానీ అందులో ఒక్కటీ అటెండరుది కాదు. లారీ ఉండగా డేరా ఎందుకు? ముప్పై నాలుగేళ్లలో ఆయన కొన్ని వందల డేరాలు వేసి ఉంటాడు. ఒక్కదాంట్లోనూ ఒక్క రాత్రి పడుకోలేదు. పడుకోవాలన్న ఆశ కూడా పుట్టలేదు, మంగళవారం సాయంత్రం దాకా.

ఎందుకంటే సార్ నిద్రసంచీ ఒకటి విప్పి, "నర్సయ్యా, ఇందులో ఒకసారి పడుకో. పొడవు సరిపోతుందేమో చూడాలి," అన్నాడు.

"నేనా సార్?"

"నువ్వే."

నర్సయ్య బాత్‌రూములోకి వెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చాడు. టెంటులో పరిచిన సంచిలోకి దూరాడు. సార్ జిప్పు మెడ దాకా లాగాడు. బట్ట పైన ట్యూబులైటు వెలుతురు ఆకుపచ్చగా పడుతోంది. మెత్తగా ఉంది. నర్సయ్య కళ్లు మూసుకోబోయి, బాగుండదని తెరిచే ఉంచాడు.

"కాళ్లు తగుల్తున్నాయా?"

"లేవు సార్. బెత్తెడు జాగ ఉన్నది."

"భేష్. సరిగ్గా సరిపోయింది." రెయిన్‌కోటు కూడా ఆయన మీదే కొలిచారు. దాని ప్యాంటు కూడా. ఇంటికి వచ్చే దారిలో నర్సయ్య ఆర్ట్స్ కాలేజీ వైపు అనవసరంగా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. చెట్ల కింద గాలి చల్లగా ఉంది. తన ప్యాషన్ బండి మీద ఒక్కడే కూర్చుని ఏదో కూనిరాగం తీశాడు.

*

బుధవారం సగంరోజు సెలవు పెట్టి సామాను కట్టడానికి వెళ్లాడు. తన మూటను గుడ్డసంచిలో చంకన పెట్టుకెళ్లాడు.

సార్ కొత్త బండి కింద పార్కింగులో ఉంది. నర్సయ్య ముందు దాని చుట్టూ తిరిగాడు. వెనక చక్రం మీద చెయ్యి వేసి నొక్కాడు. సైలెన్సరు ఎటువైపో చూసి, ఆ వైపు ప్లాస్టిక్‌వేవీ పెట్టకూడదని తనలో తాను అనుకున్నాడు. పైనుంచి విజయశ్రీ మేడమ్ బట్టలు పంపింది. తొమ్మిది చొక్కాలు. నర్సయ్య మూడు ఉంచి ఆరు వాపసు పంపాడు. జీన్సు ప్యాంటు పట్టుకుని, "గిది తడిస్తే మూడు దినాలు ఆరదు సార్," అని అదీ వాపసు పంపాడు. సామాను దగ్గర నర్సయ్య మాటకు ఎదురు లేదు. అది మొదటినుంచీ ఉన్నదే.

బండికి రెండు పక్కలా వేలాడే సంచులు. కుడి సంచిలో గిన్నెలు, స్టవ్వు, బియ్యం, పప్పు. ఎడమ సంచిలో బట్టలు. బరువుగా ఉన్నవి కిందికీ ముందుకీ, తేలికవి పైకీ వెనక్కీ. పొద్దుగూకి దిగగానే ఏది కావాలో అది అన్నిటికంటే ఆఖర్న పెట్టాలి, అంటే టార్చీ, చాపగుడ్డ, టీ డబ్బా. అన్నిటికంటే ఆలస్యంగా కావాల్సింది అన్నిటికంటే ముందు పెట్టాలి. అవి పడుకునే జతలు. ఎడమ సంచి అడుగున రెండు పొట్లాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి సార్‌ది. రెండోది తనది. వాటి మీద మిగతా బట్టలు సర్ది, మోకాలితో అదిమి, బెల్టు బిగించాడు. రెండు సంచులూ చెరో చేత్తో ఎత్తి చూశాడు. తూకం సరిపోయింది. సీటు వెనక టెంటు అడ్డంగా పెట్టి, నిద్రసంచులు దాని మీద వేసి, తాడు తీసుకున్నాడు. రబ్బరు తాళ్లు ఉన్నాయి గానీ ఆయనకు వాటి మీద నమ్మకం లేదు.

అప్పుడు గేటు ముందు ఆటో ఆగింది. గుండ్రటి మొహం, బట్టతల, చేతిలో చక్రాల సూట్‌కేసు. పెద్దగా నవ్వుకుంటూ దిగాడాయన.

"ఒరేయ్ శశీ! ఏంట్రా ఇది, బండా, లారీయా? నా సామాను ఎక్కడ పెడతావురా?"

"రారా! నీకోసమే ఈ ఏర్పాటంతా." సార్ ఆయన భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చాడు. "నర్సయ్యా, వీడు బుచ్చిబాబు. కాకినాడలో నా క్లాసుమేటు. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. నాతో వచ్చేది వీడే. నిన్న నిద్రసంచీ, రెయిన్‌కోటూ నీమీద కొలిచింది వీడికోసమే. ఇద్దరిదీ ఒకే ఎత్తు, చూడు!"

ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూపించాడు కూడా. బుచ్చిబాబు సరదాగా తల మీద చెయ్యి పెట్టి కొలిచాడు. నర్సయ్య చేతిలో తాడు కొస ఉంది. దాన్ని వదలలేదు. వదిలితే చేతులు ఏం చెయ్యాలో తెలిసేలా లేదు.

ఆయనకు మొదట కలిగింది కోపం కాదు, సిగ్గు. అరుంధతి, లీవు కాగితం, ట్రంకుపెట్టె, మెడ దాకా జిప్పు వేసుకుని పడుకున్న తాను, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. తర్వాత గుర్తుకొచ్చింది, ఎడమ సంచి అడుగున ఏముందో.

"ఎడమ సంచి విప్పాలె సార్," అన్నాడు.

"ఎందుకయ్యా? బ్రహ్మాండంగా ఉంది."

"ఈ సార్ బట్టలు పెట్టాల్నంటే అడుగుకు పోవాలె."

బెల్టు విప్పాడు. పైవన్నీ ఒక్కొక్కటే తీసి చాపగుడ్డ మీద పెట్టాడు. ఇంతలో బుచ్చిబాబు సాయం చేద్దామని పక్కన గొంతుక్కూర్చుని, అడుగునున్న ప్లాస్టిక్ పొట్లం లాగాడు. మూతి విడిపోయి వెలిసిన నీలం గళ్ల చొక్కా బయటికి వచ్చింది. దాంతోపాటు చిన్న అద్దం, రేజరు, బీపీ మాత్రల అట్ట కింద పడ్డాయి.

"ఇవెవరివి? శశీ, నీవి కావే!"

"తూకానికి పెట్టిన సార్," అన్నాడు నర్సయ్య. నోటికి ఏదొస్తే అది అన్నాడు. "ఎడమ దిక్కు తేలికుంటే బండి కుడికి గుంజుతది. గందుకని పాతబట్టలు వేసి చూసిన."

"చూశావురా బుచ్చీ!" అన్నాడు సార్ గర్వంగా. "తూకం కోసం ఇంటి నుంచి బట్టలు తెచ్చాడు! ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు?"

మంచినీళ్ల గ్లాసులతో వచ్చిన విజయశ్రీ మేడమ్ మెట్ల మీదే ఆగిపోయింది. తూకానికి బీపీ మాత్రలు ఎవరూ పెట్టరు. ఆమె చూసింది. నర్సయ్య అన్నీ గుడ్డసంచిలో వేసుకున్నాడు. ఆ తర్వాత బుచ్చిబాబు సూట్‌కేసు తెరిచి, అందులో నుంచి మూడు జతలు ఏరి, ఒక్కోటీ పరిచి, చుట్టి, పడుకునే జతను తన ప్లాస్టిక్ సంచిలోనే పెట్టి, మూతి మెలిపెట్టి అడుగున సర్దాడు. ముందు కట్టినదాని కంటే బాగా కట్టాడు. ఒక్క తాడు కూడా వదులు లేదు. చెడగొట్టడం ఆయనకు చేతకాదు.

లింగమ్మ ఆ సాయంత్రం ఆయన చంకలో మూట వెనక్కి రావడం చూసింది, అన్నం పెట్టింది.

*

గురువారం పొద్దున లీవు రద్దు చేసుకుందామని అరుంధతి దగ్గరికి వెళ్లాడు.

"నిన్ననే శాంక్షన్ అయింది నర్సన్నా. రద్దంటే మళ్ల లెటర్ రాయాలె, సంతకాలు కావాలె. ఏమైంది, బండి పోతలేదా?"

"బండి పోతున్నది," అన్నాడు నర్సయ్య.

అరుంధతి ఆయన మొహం చూసింది. "రేపు తే లెటర్," అంది.

మధ్యాహ్నం సార్ ఫోను. గొంతులో హుషారు లేదు. పొద్దున్నే ఇద్దరూ క్యాంపస్‌లో ఒక రౌండు వేద్దామని బయల్దేరారట. దానికి ముందు టార్చీ పనిచేస్తుందో లేదో చూద్దామని సామాను విప్పి మళ్లీ కట్టారట. లైబ్రరీ మలుపు దగ్గర టెంటు జారి వెనక చక్రంలో పడబోయిందట. "ఒకసారి వచ్చి కట్టవూ? దెబ్బలేం తగల్లేదు గానీ బుచ్చి భయపడిపోయాడు."

నర్సయ్య వెళ్లాడు. వెళ్లకుండా ఎలా ఉంటాడు? కానీ ఈసారి బండి దగ్గర వంగలేదు. పార్కింగులో మెట్టు మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"మీరు కట్టండి సార్. నేను చెప్త. దారిల ఇరవై రెండు దినాలు విప్పాలె, కట్టాలె. నేను ఆడ ఉండను గద."

సార్ తాడు తీసుకున్నాడు. ఎన్నో కొండల వయసు ఇట్టే చెప్పగలిగిన మనిషికి తాడు ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. "కింది నుంచి సార్. క్యారియర్ కమ్మీ కిందికెళ్లి తీయండి. ఆ, పైకి తేండి. ఇప్పుడు గుంజండి. మీరు కాదు, మీ బరువు గుంజాలె." బుచ్చిబాబు టెంటు పట్టుకున్నాడు. రెండుసార్లు జారింది. సార్ చొక్కా వీపు తడిసిపోయింది.

విజయశ్రీ మేడమ్ మెట్లు దిగి వచ్చి నర్సయ్య పక్కన నిలబడింది. అడగడానికే వచ్చినట్టు అడిగింది.

"నర్సయ్యా, నిన్న ఆ సంచిలో ఉన్నవి నీ బట్టలే కదూ? నువ్వు కూడా వెళ్తున్నావనుకున్నావు."

సార్ చేతులు ఆగిపోయాయి. నర్సయ్య నేల చూశాడు. తూకమని మళ్లీ అనవచ్చు. అనబుద్ధి కాలేదు.

"అనుకున్న మేడమ్. లీవు గూడ పెట్టిన."

వీధిలో కూరగాయల బండివాడి మైకు మోగి వెళ్లిపోయింది.

"అయ్యో నర్సయ్యా," అన్నాడు సార్. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే మొహం పాలిపోయింది. "నాకు తట్టనే లేదయ్యా. జన్మంతా మా వెనక బరువులు మోశావు, ఇంక హాయిగా ఉంటావనుకున్నాను. మళ్లీ నిన్నెందుకు కష్టపెట్టడం అని..."

"టూరంటే నాకు కష్టమని ఎవరు చెప్పిన్రు సార్?"

"నీకు రావాలని ఉందని నాకెలా తెలుస్తుంది? ఇన్నేళ్లలో ఒక్కనాడూ చెప్పలేదే!"

"మీరు ఒక్కనాడన్న అడిగిన్రా సార్?"

గొంతు పెంచలేదు. ముప్పై నాలుగేళ్లలో సార్‌తో అన్న మొదటి ఎదురుమాట అది, తన చెవికే కొత్తగా వినిపించింది.

బుచ్చిబాబు గబగబా అన్నాడు, "శశీ, దీనికేముందిరా, ఈయన్ని తీసుకెళ్లు. నేను భద్రాచలానికి బస్సులో వచ్చి కలుస్తాను. నిజంగా చెప్తున్నాను, పొద్దుట్నుంచీ నాకు నడుం పట్టేసింది."

సార్ మొహం వికసించింది. "అవును! ఇప్పుడు అడుగుతున్నాను నర్సయ్యా. నువ్వే రా. నువ్వుంటే అసలు ఈ ముళ్ల గొడవే ఉండదు."

అంటూనే చెయ్యి చాచాడు. ఆ చేతిలో తాడు కొస ఉంది. ఇటు పట్టుకో అన్నట్టు, ఎప్పటిలాగే, చూడకుండానే చాచాడు.

నర్సయ్య లేచాడు. రావాలనే ఉంది. టెంటు లోపలి ఆ ఆకుపచ్చ వెలుతురులో పడుకోవాలని ఇప్పటికీ ఉంది. తాడు కొస అందుకున్నాడు. ఒక క్షణం పట్టుకుని, సార్ అరచేతిలోనే తిరిగి పెట్టి వేళ్లు మూశాడు.

"ముడి మీరే వెయ్యండి సార్. రెండు చుట్లు తిప్పి కిందికెళ్లి తీయండి. వచ్చేస్తది."

ముడి పడేదాకా ఉన్నాడు. బండి ఊపి చూశాడు. కదల్లేదు. "మంచిగున్నది," అని, మేడమ్‌కు దండం పెట్టి వచ్చేశాడు.

*

ఇంకా వెలుతురు ఉండగానే ఇల్లు చేరాడు. లింగమ్మ మిషను మీద ఎవరిదో పెళ్లి జాకెట్టుంది. చేతులకు అంచు పట్టీ వేస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేశాడు. నిద్రసంచీ, తూకం, మేడమ్, తాడు అన్నీ.

"ముప్పై నాలుగేండ్లు లింగమ్మా. వస్తవా నర్సయ్యా అని ఒక్కనాడు అడగలే. పైంగ, నువ్వు చెప్పలేదంటడు."

లింగమ్మ కాలు ఆపింది. దారం పళ్లతో కొరికింది.

"నువ్వడిగినవా?"

"ఎవర్ని?"

ఆమె జాకెట్టు తిరగేసి కుట్టు చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: "గా రాళ్ల సంచులు ఏడాదికి రెండు వందలు కుట్టిన. చెన్నూరు, సిరొంచ, భద్రాచలం అని వాటి మీద నువ్వే రాస్తుంటివి. గా ఊర్లు ఏడున్నయో, ఎట్లుంటయో, నేనెన్నడన్న చూసిన్నా?"

నర్సయ్యకు నిజంగా అర్థం కాలేదు. "నీకు రావాలని ఉన్నదా? నాకెట్ల తెలుస్తది? ఎన్నడు చెప్పకపోతివి!"

నోటి నుంచి వచ్చాక ఆ మాట తనకే వినపడింది. మధ్యాహ్నం ఇదే మాట ఇంకో గొంతులో వినిపించింది. అప్పుడు తానేమన్నాడో కూడా గుర్తుంది. లింగమ్మ జాకెట్టు మడిచి పక్కన పెట్టి, మిషను మీద పడ్డ దారం ముక్కలు ఏరుతూ కూర్చుంది. గుమ్మం వెలుతురులో ఆమె తల సగం తెల్లగా ఉంది. అది ఎప్పుడు తెల్లబడిందో ఆయనకు తెలియదు. ఏ టూరులో ఉండగానో అయ్యుంటుంది.

నర్సయ్య చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు. ఇప్పుడు అడగాల్సింది తాను. సార్‌కు ఎదురు చెప్పడం దీనికంటే తేలికగా ఉంది.

"లీవు రద్దు కాలే," అన్నాడు చివరికి. "ఇరవై రెండు దినాలు ఉన్నది. బండి ఉన్నది. డేరా ఒకటి కొంటే అయిపోతది. గోదారికి పోదమా... అంటే, నువ్వు వస్తవా?"

లింగమ్మ చేతిలో దారాలు అలాగే ఉన్నాయి. వీధిలోకి చూసింది, మళ్లీ ఆయన వంక చూసింది.

"చీర కట్టుకోని ఒకదిక్కు కూసోని గంత దూరమంటే నాతోని కాదు. నడుం పోతది," అంది. "రెండు దిక్కుల కాళ్లేసుకోని కూసునేతందుకు డ్రెస్సులు కుట్టుకోవాలె."

నర్సయ్య మొహం వెలిగిపోయింది. ఒక్క ఉదుటున లేచి, మంచం కిందికి వంగి ట్రంకుపెట్టె పట్టుకుని లాగాడు. "సామాను సంగతి నాకిడువు. ఎడమ దిక్కు నీయి పెడత, కుడి దిక్కు..."

"ఆగు," అంది లింగమ్మ.

సగం లాగిన పెట్టె మీద చేతులతో ఆయన ఆగిపోయాడు.

"వస్తనన్ననా ఇంకా? అడిగినవ్ గద. జర ఆలోచించుకోనీ."

నర్సయ్య పెట్టెను మెల్లగా మంచం కిందికి తోసేశాడు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. లింగమ్మ మిషను మీద మోచేతులు ఆనించి వీధి వైపు చూస్తూ ఆలోచిస్తోంది. ఆయన ఎదురుచూస్తూ కూర్చున్నాడు.